విజయవాడలో గేమింగ్ పీసీ: రెడీమేడ్‌గా కొనాలా, పార్టులు తెచ్చి బిగించుకోవాలా?

బ్రాడీపేట_గేమర్ (ప్రశ్న)

అన్నలూ, మాది గుంటూరు. విజయవాడ గవర్నర్‌పేటలో ఒక షాపువాళ్లు ఈ కొటేషన్ ఇచ్చారు: రైజెన్ 5 7600 ప్రాసెసర్, బీ650 మదర్‌బోర్డు, 16 జీబీ డీడీఆర్5 ర్యామ్, 1 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, ఆర్‌టీఎక్స్ 5060 8 జీబీ గ్రాఫిక్స్ కార్డు, 650 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (పార్టులకు కరెంటు ఇచ్చే పవర్ సప్లై), ఆర్‌జీబీ క్యాబినెట్. మొత్తం 95 వేలు, మానిటర్ కాకుండా. ఏడాది వారంటీ అంటున్నారు. ఆడేది ఎక్కువగా వాలరెంట్, జీటీఏ 5. మానిటర్ 1080పీ, 180 హెర్ట్జ్. నేనెప్పుడూ పీసీ విప్పి చూడలేదు. పార్టులు కొని నేనే బిగించుకుంటే ఏమన్నా మిగులుతుందా? తేడా వస్తే ఎవరిని అడగాలి?

చిప్‌సెట్_చారి

తమ్ముడూ, ఎంత మిగులుతుందో తర్వాత చూద్దాం. ముందు ఆ కొటేషన్‌లో ఏం రాయలేదో చూడు. ప్రాసెసర్ పేరుంది, కార్డు పేరుంది. కొనేవాళ్లు అడిగేవి ఆ రెండే కాబట్టి అవి మాత్రం స్పష్టంగా రాస్తారు. బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఎస్‌ఎంపీఎస్ దగ్గర కంపెనీ లేదు, మోడల్ లేదు. కోత పడేది అక్కడే.

16 జీబీ అన్నారు కదా, ఒకటే స్టిక్కా, రెండు 8 జీబీలా? ఒకటే అయితే మెమరీ బ్యాండ్‌విడ్త్ సగమే. వాలరెంట్ కార్డు కన్నా ప్రాసెసర్ మీదే ఎక్కువ ఆధారపడే ఆట, ఆ తేడా ఫ్రేముల్లో తెలిసిపోతుంది. స్పీడు కూడా రాయించు. ఈ ప్రాసెసర్‌కి 6000 స్పీడు, సీఎల్30 (ర్యామ్ స్పందించడానికి పట్టే ఆలస్యం, తక్కువైతే మేలు) బాగా కుదురుతుంది.

ఎస్‌ఎంపీఎస్ పక్కనున్న స్టిక్కర్ ఫొటో పంపమని అడుగు. అందులో ప్లస్ 12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లో చూసి 12తో గుణించు. నిజమైన 650 వాట్లదైతే 54 ఆంపియర్ల దగ్గర ఉండాలి. 38 అని ఉంటే అది 456 వాట్లదే, పెట్టె మీద ఎంత రాసుకున్నా సరే. ప్రాసెసర్, కార్డు రెండూ తాగేది ఈ 12 వోల్టుల నుంచే. '80 ప్లస్ బ్రాంజ్' ముద్ర కరెంటు ఎంత వృథా కాకుండా వాడుతుందో చెబుతుందే గానీ, లోపల రక్షణ సర్క్యూట్లు ఉన్నాయో లేదో చెప్పదు.

ఏడాది వారంటీ అంటే నీకు రావాల్సింది తగ్గించినట్టే. బాక్సులో వచ్చే ఆ ప్రాసెసర్‌కి కంపెనీయే 3 ఏళ్లు ఇస్తుంది. గ్రాఫిక్స్ కార్డులకు మామూలుగా 3, మంచి ఎస్‌ఎస్‌డీలకు, ఎస్‌ఎంపీఎస్‌లకు 5 ఏళ్లు ఉంటాయి. బిల్లులో ఒక్కో పార్టు విడిగా, సీరియల్ నంబరుతో వేయించుకుని, పెట్టెలన్నీ ఇంటికి తెచ్చుకో. 'గేమింగ్ పీసీ - 1' అని ఒక్క లైను వేసిన బిల్లుతో రెండో ఏడాది ఏ సర్వీస్ సెంటర్‌లోనూ నిలబడలేవు. ప్రాసెసర్ పెట్టె లేకుండా ఇస్తే అది ట్రే ముక్క, అంటే పీసీ తయారీదారులకు గుత్తగా ఇచ్చే సరుకు. దానికి కూలర్ రాదు, కొన్నవాడికి నేరుగా కంపెనీ వారంటీ ఉండదు.

పెద్ద కంపెనీల సీల్డ్ పీసీ సంగతి వేరు. అసలు విండోస్ వస్తుంది, ఇంటికొచ్చి చూసే సర్వీసు ఉంటుంది. 2025 చివరి నుంచి ర్యామ్ రేట్లు విపరీతంగా పెరిగాయి కాబట్టి, పాత స్టాకు సీల్డ్ పీసీ ఒక్కోసారి విడి పార్టుల కన్నా చవకగా పడుతుంది. రెండు రేట్లూ ఒకే రోజు అడిగి పోల్చు. కాకపోతే వాటిలో చాలావాటికి బోర్డు, ఎస్‌ఎంపీఎస్ సొంత కొలతల్లో ఉంటాయి, రేపు మార్చాలంటే బయట దొరకవు.

నా మాట: పార్టులు నువ్వే ఎంచుకో. విజయవాడ రేటు, సికింద్రాబాద్ సీటీసీ (కంప్యూటర్ షాపుల మార్కెట్) రేటు, ఆన్‌లైన్ రేటు పక్కపక్కన పెట్టుకో. వెయ్యి రెండు వేల తేడాకైతే దగ్గర షాపే మేలు, వారంటీ పనికి తిరగడం తేలిక.

స్క్రూడ్రైవర్_సుబ్బు

బిగించడానికి ఒక్క నంబర్ 2 ప్లస్ స్క్రూడ్రైవర్ చాలు. మొదటిసారి అయితే మూడు నాలుగు గంటలు పడుతుంది. చెడేది ఎక్కడో చెబుతాను.

ఏఎం5లో (7600 కూర్చునే సాకెట్ రకం) సన్నటి పిన్నులు ప్రాసెసర్‌కి ఉండవు, బోర్డు సాకెట్‌లో ఉంటాయి. ప్రాసెసర్ మూల మీదున్న బంగారు రంగు త్రికోణాన్ని సాకెట్ మీది త్రికోణానికి కలిపి, ఊరికే వదిలినట్టు పెట్టండి. నొక్కకూడదు. లీవర్ దించుతుంటే నల్ల ప్లాస్టిక్ మూత దానంతటదే ఊడి పైకొస్తుంది. దాన్ని పారేయకండి, బోర్డు వారంటీకి పంపేటప్పుడు సాకెట్ మీద ఉండాలి.

7600తో వచ్చే కూలర్‌కి పేస్టు ముందే పూసి ఉంటుంది, ఇంకోటి పూయొద్దు. బోర్డు మీదున్న రెండు ప్లాస్టిక్ బ్రాకెట్లు విప్పేసి, నాలుగు స్క్రూలూ ఎదురెదురు మూలలుగా, కొంచెం కొంచెం బిగించండి. ఒక మూల మొత్తం బిగించి రెండోదానికి వెళ్తే కూలర్ ఒక పక్కకి వాలి వేడి సరిగ్గా లాగదు.

ర్యామ్ రెండు స్టిక్కులూ ప్రాసెసర్ నుంచి లెక్కపెడితే రెండో స్లాటు, నాలుగో స్లాటు. ఎస్‌ఎస్‌డీ హీట్‌సింక్ కింద థర్మల్ ప్యాడ్ మీద పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది, తీయడం చాలామంది మర్చిపోతారు. క్యాబినెట్‌లో బోర్డు రంధ్రాలకు ఎదురుగా లేని స్టాండాఫ్ (బోర్డుని ఎత్తి పట్టే చిన్న ఇత్తడి దిమ్మ) ఒక్కటి మిగిలినా బోర్డు వెనక తగిలి షార్ట్ అవుతుంది.

మొదటిసారి ఆన్ చేశాక తెర నల్లగానే ఉంటుంది. డీడీఆర్5 ర్యామ్‌ని బోర్డు పరీక్షించుకుంటోందన్న మాట. బోర్డు మీద డీర్యామ్ లైటు వెలుగుతూ కొన్ని నిమిషాలు పట్టొచ్చు. పావుగంట ఆగండి. అప్పుడూ రాకపోతే ఒక్క స్టిక్కే రెండో స్లాటులో పెట్టి చూడండి. 'చచ్చిపోయింది' అనుకుని మధ్యలో స్విచ్ కట్టేసి మళ్లీ వేస్తే లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

తెర వచ్చాక బయాస్‌లో (విండోస్ కన్నా ముందొచ్చే బోర్డు సెట్టింగుల్లో) ఎక్స్‌పో, అంటే ర్యామ్‌ని దాని పూర్తి స్పీడులో నడిపే సెట్టింగు, ఆన్ చేయండి, లేకపోతే 6000 ర్యామ్ 4800లోనే నడుస్తుంది. మానిటర్ కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకే పెట్టండి. 7600 లోపల చిన్న గ్రాఫిక్స్ ఉంది కాబట్టి బోర్డుకి పెట్టినా బొమ్మ వస్తుంది, 'కొత్త కార్డు పనిచేయట్లేదు' అనుకుంటారు. విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 180 హెర్ట్జ్ మీరే ఎంచుకోవాలి.

వాలరెంట్ అన్నారు కాబట్టి ఇంకొక మాట. విండోస్ 11లో దానికి సెక్యూర్ బూట్, టీపీఎం 2.0 అనే భద్రతా సెట్టింగులు రెండూ ఆన్‌లో ఉండాలి. విండోస్ ఇన్‌స్టాల్ చేసే ముందే బయాస్‌లో సీఎస్ఎం (పాత బూట్ పద్ధతి) ఆఫ్ చేయండి. పాత పద్ధతిలో వేసేస్తే తర్వాత డిస్కుని జీపీటీ అనే కొత్త పద్ధతికి మార్చుకోవాల్సి వస్తుంది.

ఎర్తింగ్_ముఖ్యం

అందరూ పార్టుల గురించే రాస్తున్నారు, గోడ సాకెట్ గురించి ఎవరూ అడగలేదు. చేత్తో తాకితే క్యాబినెట్ జివ్వుమందంటే ఆ సాకెట్‌కి ఎర్త్ లేదు. ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల ఎర్త్ లేని బాడీ మీద దాదాపు సగం వోల్టేజీ తేలుతుంది. ఎలక్ట్రీషియన్ చేత మల్టీమీటర్‌తో ఫేజ్-ఎర్త్ మధ్య కొలిపించండి, ఫేజ్-న్యూట్రల్ మధ్య ఉన్నంతా ఉండాలి.

యూపీఎస్ 600 వీఏ అంటే చాలావాటిలో 360 వాట్లే. ఈ కార్డు 145 వాట్లు, ప్రాసెసర్ 88 దాకా లాగుతాయి. ఫ్యాన్లు, ఎస్‌ఎస్‌డీ, మానిటర్, ఎస్‌ఎంపీఎస్‌లో పోయేది కలిస్తే 320 దాటిపోతుంది. 1000 వీఏ తీసుకోండి. ఇంటి ఇన్వర్టర్ మీద పెడితే వెనకున్న స్విచ్ 'యూపీఎస్' మోడ్‌లో ఉండాలి, లేకపోతే కరెంటు మారే క్షణంలో పీసీ రీస్టార్ట్ అవుతుంది. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయితే అసలు వద్దు.

ఎండాకాలం మన దగ్గర గది 38 డిగ్రీల దాకా పోతుంది. గది ఎన్ని డిగ్రీలు పెరిగితే లోపలి వేడి కూడా దాదాపు అన్ని డిగ్రీలు పెరుగుతుంది. ముందువైపు మొత్తం అద్దమున్న క్యాబినెట్ వద్దు. జాలీ ఉన్నది తీసుకుని, ముందు రెండు ఫ్యాన్లు గాలి లోపలికి, వెనక ఒకటి బయటికి పెట్టించండి.

బ్రాడీపేట_గేమర్

ధన్యవాదాలు అన్నలూ. పార్టులు విజయవాడలో కొని అక్కడే బిగించమంటే బిగింపు ఛార్జీ తీసుకుని చేస్తామంటున్నారు. అలా గుంటూరు తెచ్చుకోవచ్చా?

స్క్రూడ్రైవర్_సుబ్బు

తెచ్చుకోవచ్చు. మీ కళ్ల ముందే బిగించమనండి, పెట్టెల మీద సీరియల్ నంబర్లు బిల్లుతో సరిచూసుకోండి. షాపులోనే టాస్క్ మేనేజర్‌లో ర్యామ్ స్పీడు చూడండి, ఫర్‌మార్క్ (గ్రాఫిక్స్ కార్డుని పూర్తి లోడు మీద పరీక్షించే ప్రోగ్రామ్) ఇరవై నిమిషాలు నడిపించి కార్డు వేడి చూడండి. ఆ తర్వాత గ్రాఫిక్స్ కార్డు విప్పించి దాని పెట్టెలో విడిగా పెట్టించుకోండి. బస్సులో గానీ, ఆటోలో గానీ గుంటల్లో ఎగిరితే కార్డు బరువుకి బోర్డు మీద స్లాటు చిట్లుతుంది. క్యాబినెట్‌ని బోర్డు కిందికి, అద్దం పైకి ఉండేలా పడుకోబెట్టి తెచ్చుకోండి. ఇంటికెళ్లాక కార్డు పెట్టి, స్లాటు చివర క్లిప్పు టక్కుమన్నాకే స్క్రూ వేయండి.