మా అమ్మాయి బ్రమ్మీ యాస మార్చుకోవాలా?

సోలిహల్_నాన్న:
మా అమ్మాయి పుట్టి పెరిగింది బర్మింగ్‌హామ్‌లోనే. ఇంట్లో గోదావరి తెలుగు, గడప దాటితే పక్కా బ్రమ్మీ, అంటే ఆ ఊరి యాస ఇంగ్లీషు. 'ఫైవ్'ని 'ఫోయివ్' అంటుంది. 'సింగర్' అంటే మధ్యలో 'గ' ఖంగున మోగుతుంది. మొన్న ఇంటర్వ్యూలకు తర్ఫీదు ఇచ్చే ఒకాయన "యాస కాస్త తగ్గించుకోమ్మా" అన్నాడట. "నేను బ్రమ్మీని, తగ్గించను" అని కూర్చుంది. నాకేమో టెన్షన్. మార్చుకోమనాలా, వదిలేయాలా?

లండన్_ఆడిటర్:
మార్చుకోమనండి. సెంటిమెంటు వేరు, జీతం వేరు. ఇక్కడ యాసల మీద సర్వేలు పెడితే బ్రమ్మీ తరచూ అడుగునే తేలుతుంది. ఆ పేరు కూడా ఏమంత మర్యాదైంది కాదు. బర్మింగ్‌హామ్‌ని పూర్వం 'బ్రమ్మాజెమ్' అనేవారు. అక్కడ చవక గుండీలు, గిల్టు నగలు, దొంగ నాణేలు తయారయ్యేవి కాబట్టి 'బ్రమ్మాజెమ్ సరుకు' అంటే పైన పటారం, లోన లొటారం అన్నమాట. దాన్ని కుదిస్తే వచ్చిందే బ్రమ్మీ.

టైన్‌ఒడ్డు_టెకీ:
ఆడిటర్ గారూ, ఆ లెక్కన మీ లండన్ పేరుకు మాత్రం ఏం మర్యాద ఉందండీ? అక్కడివాళ్లను పిలిచే కాక్నీ అంటే మొదట్లో 'కోడిపుంజు పెట్టిన గుడ్డు', అంటే వంకరటింకర గుడ్డు. తర్వాత గారాల కొడుకు, ఆ తర్వాత ఒళ్లు వంగని పట్నంవాడు. ఆ తిట్టునే లండన్ వాళ్లు కిరీటంలా పెట్టుకుని, సెయింట్ మేరీ లె బో చర్చి గంటలు వినిపించేంత దూరంలో పుడితేనే అసలు కాక్నీ అని షరతు కూడా పెట్టారు. 1941లో బాంబులకు ఆ గంటలు పోయాయి, మళ్లీ మోగింది 1961లో. మధ్యలో పుట్టినవాళ్ల సంగతేమిటో మరి!

ఇంకోటి వినండి. మా న్యూకాసిల్‌కు దక్షిణాన హార్టిల్‌పూల్ అని ఓడరేవు ఉంది. నెపోలియన్ యుద్ధాలప్పుడు ఒడ్డుకు కొట్టుకొచ్చిన కోతిని ఫ్రెంచి గూఢచారి అనుకుని ఉరి తీశారని వాళ్ల మీద కథ. అందుకే 'మంకీ హ్యాంగర్స్' అని ఏడిపిస్తారు. వాళ్లేం చేశారో తెలుసా? ఫుట్‌బాల్ క్లబ్బుకు కోతినే మస్కట్‌గా పెట్టుకున్నారు. ఆ వేషం వేసే కుర్రాడినే 2002లో మేయర్‌గా గెలిపించారు.

పేరు ఎవరు పెట్టారన్నది కాదు, ఎవరు వాడుతున్నారన్నదే లెక్క. మా న్యూకాసిల్ వాడిని జార్డీ అంటే పొంగిపోతాడు. పక్కనే సండర్లండ్ వాడిని అంటే గొడవే, వాళ్లు మాకెమ్‌లు.

లండన్_ఆడిటర్:
కథ బాగుంది. కానీ ఇంటర్వ్యూ గదిలో కోతి వేషం వేయలేం కదా. 2010 సమానత్వ చట్టంలో వివక్ష నుంచి రక్షణ ఉన్న అంశాల జాబితా చూడండి, అందులో యాస లేదు.

లివర్‌పూల్_డాక్టరమ్మ:
ఇక్కడివాళ్లు స్కౌజర్లు. ఓడ కళాసీలు తినే 'లాబ్‌స్కౌస్' అనే మాంసం, దుంపల కూర నుంచి వచ్చిన పేరు. 1840లలో ఐర్లండ్ కరువుకు తట్టుకోలేక వచ్చినవాళ్ల పలుకు కూడా ఈ యాసలో కలిసింది. 'బ్యాక్' అంటే చివర 'ఖ్' అని గొంతులో గీరినట్టు ఉంటుంది. వచ్చిన కొత్తలో పేషెంటు "బ్యాఖ్" నొప్పి అంటే నర్సు వైపు చూసేదాన్ని.

15 ఏళ్లు ఇక్కడే ఉన్నా నన్నెవరూ స్కౌజర్ అనలేదు. అననూ అనరు. మీ అమ్మాయి "నేను బ్రమ్మీని" అంటే ఎదుటివాడు కాదనలేకపోతున్నాడంటే, అందుక్కారణం ఆ యాసే కదా అన్నయ్యగారూ. అది తీసేస్తే ఆవిడని "అసలు మీదే ఊరు?" అని అడగడం మొదలెడతారు. ఆ ప్రశ్న ఎలా ఉంటుందో మనకు తెలుసు.

లండన్_ఆడిటర్:
ఈ మాట నాకు తట్టలేదండీ. అయినా ఇంటర్వ్యూలో కాస్త నిదానంగా మాట్లాడమనండి. అది యాస మార్చుకోవడం కిందికి రాదు.

సోలిహల్_నాన్న:
ఇదంతా అమ్మాయికి చదివి వినిపించాను. నిదానంగా మాట్లాడటానికి ఒప్పుకుంది. ఆ పైన, "నాన్నా, ముందు నువ్వు 'వెస్ట్' అన్నప్పుడు పడమరో బనియనో తెలిసేలా పలుకు, తర్వాత నా సంగతి చూద్దాం" అంది. వాళ్లమ్మ ఇంకా నవ్వుతూనే ఉంది.