తెప్పక్కాడు ఏనుగుల క్యాంపు: పొద్దున మేత వేళకి ఎలా అందుకోవాలి?

బుజ్జిగాడి నాన్న: ఊటీకి పోతూ ముదుమలైలోని తెప్పక్కాడు క్యాంపు చూడాలని ఉంది. మైసూరులో బస, సొంత కారు, ఇద్దరు పిల్లలు. ఎన్నింటికి బయల్దేరాలి? అరటిపళ్లు మన చేత్తో పెట్టనిస్తారా?

గుండ్లుపేట దారి: మేత పెట్టేది పొద్దున ఎనిమిదిన్నర ప్రాంతంలో, మళ్లీ సాయంత్రం ఐదున్నరకి. మైసూరు నుంచి సుమారు 90 కిలోమీటర్లు. బందీపూర్ అడవి రోడ్డు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు కాబట్టి మరీ చీకటితో వెళ్లి లాభం లేదు. ఐదున్నరకి కదిలితే సరి. అడవిలో స్పీడ్ బ్రేకర్లు విపరీతం, ఆ టైము కూడా లెక్కేసుకోండి.

అసలు ఆలస్యమయ్యేది కర్ణాటక, తమిళనాడు సరిహద్దులోని కక్కనల్ల చెక్‌పోస్టు దగ్గర. తెప్పక్కాడు, ఊటీ ఉన్న నీలగిరి జిల్లాలోకి బయటి బండి రావాలంటే 2024 మే నుంచి ఈ-పాస్ ఉండాలి. డబ్బులక్కర్లేదు గానీ సీజన్‌లో రోజువారీ కోటా ఉంటుంది: 2025 వేసవిలో మామూలు రోజుల్లో 6000, శని ఆదివారాల్లో 8000 బండ్లకే ఇచ్చారు. ముందే తీసుకోండి. ప్లాస్టిక్ నీళ్ల సీసాలు తీయించేస్తారు, స్టీలువి పెట్టుకోండి.

ఉలవచారు: అరటిపళ్ల మాట మరిచిపోండి. ఏ ఏనుగుకి ఏది ఎంత పెట్టాలో బోర్డు మీద రాసి ఉంటుంది, దాని బరువునీ ఆరోగ్యాన్నీ బట్టి. రాగి, ఉలవలు ఉడికించి, బెల్లం, ఉప్పు, ఖనిజ లవణాల పొడి కలిపి ఇటుకంత ముద్దలు చేస్తారు. ఉలవలు మెత్తగా ఉడకాలి, లేకపోతే గింజలు అరక్కుండా లద్దెలో అలాగే వచ్చేస్తాయి. మావటి ముద్దని తొండానికి అందించడు, నోరు తెరిపించి లోపల పెడతాడు. మందు కూడా అందులోనే పోతుంది మరి. ఇంకో సంగతి, మనుషుల క్షయ ఏనుగులకి సోకుతుంది. కట్టిన తాడు దాటి పోవద్దనేది అందుకు కూడా.

బుజ్జిగాడి నాన్న: మదమెక్కిన ఏనుగు ఉంటే?

ఉలవచారు: కంటికీ చెవికీ మధ్య కణత మీద జిడ్డుగా తడి చార దిగుతుంది, అదే గుర్తు. అలాంటి మగ ఏనుగుని విడిగా దూరంగా కట్టేస్తారు. ఫొటో కోసం అటు పోకండి.

పలమనేరోడు: కుంకీలని, అంటే తర్ఫీదిచ్చిన ఏనుగుల్ని చూడాలంటే మన పలమనేరు దగ్గరి ముసలిమడుగులోనూ ఉన్నాయి. 2025 మేలో కర్ణాటక నాలుగింటిని ఇచ్చింది. పొలాల మీద పడే అడవి ఏనుగుల గుంపుల్ని అడవిలోకి మళ్లించడం వాటి పని.

గుండ్లుపేట దారి: అక్కణ్నుంచి ఊటీకి మసినగుడి మీదుగా పోతే 36 హెయిర్‌పిన్ వంపులు, నిటారు ఎక్కుడు. గూడలూరు దారి ఓ 30 కిలోమీటర్లు ఎక్కువే, కానీ వాంతులయ్యే పిల్లలుంటే అదే నయం.