మిక్సీకో గీజరుకో సమీక్ష రాసేటప్పుడు ఏమేం రాస్తే కొనేవారికి పనికొస్తుంది?

రాగిచెంబు (విజయవాడ):
అందరికీ నమస్కారం. మా ఇంట్లో వాడుతున్న 750 వాట్ల మిక్సీ గురించి, కొన్న చోటే ఒక సమీక్ష రాయాలనుకుంటున్నాను. కొనే ముందు నేను చదివినవాటిలో చాలామటుకు ‘ధరకు తగ్గ వస్తువు’, ‘ప్యాకింగ్ బాగుంది’, ‘శబ్దం ఎక్కువ’ అన్న మాటలతోనే ముగిసిపోయాయి. రాసినవారు అబద్ధం చెప్పారని నేను అనను గాని, ఆ మిక్సీలో మినపప్పు మెత్తగా నలుగుతుందా, అల్లం పీచు మిగులుతుందా అన్న నా సందేహాలకు వాటిలో ఎక్కడా జవాబు దొరకలేదు. సమీక్షలు రాసే అలవాటు ఉన్నవారు, లేదా ఇతరుల సమీక్షలు నమ్మి వస్తువులు కొన్నవారు, ఏయే వివరాలు ఉంటే నిజంగా ఉపయోగమో చెప్పగలరా?

మరమ్మతులబల్ల (తెనాలి):
రాగిచెంబు గారూ, నేను మిక్సీలు, గ్రైండర్లు బాగుచేస్తాను కాబట్టి నా మాట ఆ వైపు నుంచే ఉంటుంది. 750 వాట్లు అన్నది మోటారు లాగే విద్యుత్తు లెక్క మాత్రమే. పప్పు ఎంత మెత్తగా నలుగుతుందన్నది జారు ఆకారం, బ్లేడు వంపు, మీరు పోసే నీళ్ల మీద కూడా ఆధారపడుతుంది. అందుచేత ఏ జారులో, ఏ పదార్థాన్ని, ఎంత పరిమాణంలో వేసి, ఎంతసేపు ఆపకుండా తిప్పారో రాయండి. ఆ నాలుగూ లేకపోతే ‘బాగా నలుగుతుంది’ అన్నదానికీ ‘అసలు నలగదు’ అన్నదానికీ నా దృష్టిలో తేడా లేదు.

‘కొన్న వారానికే మోటారు కాలిపోయింది’ అని ఒకే ఒక్క నక్షత్రం ఇచ్చిన సమీక్షలు చూసినప్పుడల్లా నాకు ఒక అనుమానం వస్తుంది. చాలా మిక్సీలకు అడుగున, భారం మితిమీరినప్పుడు కరెంటు ఆపేసే బటన్ ఒకటి ఉంటుంది. గట్టి పిండిని నీళ్లు చాలకుండా తిప్పితే అది పనిచేసి మిక్సీ ఆగిపోతుంది. కాస్త చల్లారాక దాన్ని నొక్కితే మళ్లీ తిరుగుతుంది. కాలిపోయిందని నా బల్ల మీదికి వచ్చి, ఆ బటన్ నొక్కగానే తిరిగి ఇంటికి వెళ్లిపోయిన మిక్సీలు ఉన్నాయి. పాడైపోయిందని రాసేవారు, పాడయ్యే ముందు ఏం వేశారో, ఆ తర్వాత ఎవరికైనా చూపించారా, వారు ఏ భాగం పోయిందన్నారో రాస్తే చదివేవారికి దారి తెలుస్తుంది.

అసలైన అరుగుదల జారు అడుగున బ్లేడు ఇరుసును పట్టి ఉంచే బుష్‌లో, మోటారును జారుతో కలిపే కప్లర్‌లో, మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లలో వస్తుంది. అవి మీ ఊళ్లో దొరికాయా, లేక కంపెనీ సర్వీసు సెంటరుకే వెళ్లవలసి వచ్చిందా అన్న సంగతి సమీక్షల్లో నాకు దాదాపు కనిపించదు. కొనేవారికి అన్నిటికంటే అవసరమైనది అదే.

బోరునీళ్లు (హైదరాబాద్):
మిక్సీకి పదార్థం ఎలాగో గీజరుకు నీళ్లు అలాగ. మా అపార్టుమెంటుకు బోరే ఆధారం, వేసవిలో ట్యాంకర్లు. మంజీరా నది కుళాయి నీళ్లు వచ్చే ఇంట్లో ఏళ్ల తరబడి సాఫీగా నడిచే గీజరే, మా నీళ్లకు హీటింగ్ కాయిలు మీద తెల్లటి పొర కట్టి, నీళ్లు కాగడానికి అంతకంతకూ ఎక్కువ సమయం తీసుకుంటుంది. ట్యాంకు తుప్పు పట్టకుండా లోపల మెగ్నీషియం కడ్డీ ఒకటి ఉంటుంది; అది తాను కరిగిపోతూ ట్యాంకును కాపాడుతుంది. కఠిన జలం వాడేవారు దాన్ని ఎప్పుడు మార్పించారో రాస్తే, అలాంటి నీళ్లున్న మరొకరికి ఆ ఒక్క వాక్యమే చాలు.

నీళ్లలో కరిగి ఉన్న పదార్థాల మొత్తాన్ని (టీడీఎస్) చూపే మీటరు ఇంట్లో ఉన్నవారు ఆ అంకె కూడా ఇవ్వవచ్చు. తాగునీటికి భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ప్రమాణం ఐఎస్ 10500 పెట్టిన హద్దు లీటరుకు 500 మిల్లీగ్రాములు. వేరే నీటి వనరు లేనప్పుడు 2000 వరకు అనుమతిస్తుంది. అయితే టీడీఎస్, కఠినత్వం ఒకటి కావు. పొర కట్టేది కాల్షియం, మెగ్నీషియం లవణాల వల్ల. కాబట్టి అంకెతోపాటు ‘కుళాయిల మీద తెల్లటి మరకలు పడతాయి’, ‘సబ్బు సరిగా నురగ రాదు’ అని రాయడం మేలు.

మరొక సంగతి. నీళ్లు నిల్వ ఉండే గీజర్లకు ఇంధన పొదుపును చూసే కేంద్ర సంస్థ బీఈఈ ఇచ్చే నక్షత్రాలు, కాగిన నీళ్లు ట్యాంకులో ఊరికే ఉన్నప్పుడు ఎంత వేడి నష్టమవుతుందన్నదాన్ని బట్టి ఉంటాయి. ‘అయిదు నక్షత్రాలన్నారు, నీళ్లు త్వరగా కాగడం లేదు’ అని కోప్పడుతూ రాసిన సమీక్షలు చదివాను. కాగే వేగం కాయిలు వాట్లను, ట్యాంకు పరిమాణాన్ని, లోపలికి వచ్చే నీళ్ల చల్లదనాన్ని బట్టి ఉంటుంది.

తూకంరాళ్లు (విశాఖపట్నం):
పై ఇద్దరి మాటలూ విలువైనవే, కాని ఇంత వివరంగా రాస్తే చదివే ఓపిక ఎవరికుంటుంది? నా మటుకు మూడు పేరాలు దాటిన సమీక్షను నేను చదవను. ముందుగా మోడలు పేరు పూర్తిగా రాయాలి. ఎందుకంటే 500 వాట్ల మిక్సీకి వచ్చిన సమీక్షలు, 750 వాట్ల మిక్సీకి వచ్చినవి ఒకే పేజీలో కలిపి చూపించే సైట్లు ఉన్నాయి; ఎవరు దేని గురించి రాశారో తెలియదు. ఇక డెలివరీ ఆలస్యమైందని, పెట్టె నలిగిందని వస్తువుకు నక్షత్రాలు కోసేయడం అన్యాయం. ఆ ఫిర్యాదును అమ్మకందారు గురించి రాయడానికి వేరే చోటు ఉంటే అక్కడ రాయాలి. అదే వస్తువును రేపు మరో అమ్మకందారు సకాలంలో చేర్చవచ్చు.

మరమ్మతులబల్ల (తెనాలి):
తూకంరాళ్లు గారూ, మొదటి రెండు వాక్యాల్లో ముఖ్యమైనది చెప్పి, మిగిలినది కింద రాస్తే మీకూ సరిపోతుంది, నాకూ సరిపోతుంది. పొడవు తగ్గించడం కోసం పదార్థం పేరు మాత్రం తీసేయవద్దు.

పెరటిగుమ్మం (డల్లాస్):
ఇక్కడ ఉన్న మనవాళ్లు ఇండియా మిక్సీలకు, టేబుల్ టాప్ గ్రైండర్లకు రాసే సమీక్షల్లో వోల్టేజి సంగతి తప్పక ఉండాలి. ఇండియాలో 230 వోల్టులు, 50 హెర్ట్జ్ (సెకనుకు కరెంటు ఆవృత్తుల లెక్క). ఇక్కడ 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ఊరి నుంచి తెచ్చుకున్నదాన్ని ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వాడేవారు, ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజిని మారుస్తుందే గాని హెర్ట్జ్‌ను మార్చదని గుర్తుంచుకోవాలి. మిక్సీలోని బ్రష్‌ల మోటారుకు దానితో పెద్దగా పని లేదు. గ్రైండరులో ఉండే, బ్రష్‌లు లేని ఇండక్షన్ మోటారు వేగం మాత్రం హెర్ట్జ్ మీదే ఆధారపడుతుంది కాబట్టి, రాళ్లు ఇండియాలో తిరిగినదానికంటే వేగంగా తిరుగుతాయి. ‘పిండి త్వరగా వేడెక్కింది’ అని ఇక్కడివారు రాసిన దాన్ని కోయంబత్తూరులో కొనేవారు తమకూ వర్తిస్తుందనుకోకూడదు.

పాతరసీదు (వరంగల్):
ఒక సంగతి ఎవరూ ప్రస్తావించలేదు. నేను కొన్న ఒక వస్తువు పెట్టెలో, అయిదు నక్షత్రాలు ఇచ్చి ఫోటో పంపితే కొంత డబ్బు తిరిగి ఇస్తామన్న చీటీ వచ్చింది. తీసుకోలేదు. తీసుకున్నవారు ఆ మాట సమీక్షలో చెప్పకుండా దాచడం చదివేవారిని మోసగించడమే. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం అమ్మకందారు తానే వినియోగదారుగా నటిస్తూ సమీక్షలు రాయకూడదు. 2022 నవంబరులో బీఐఎస్ ఆన్‌లైన్ సమీక్షల కోసమే ఐఎస్ 19000 ప్రమాణాన్ని తెచ్చింది గాని, వెలువడినప్పుడు అది స్వచ్ఛందంగా పాటించేదిగానే ఉంది. పెరటిగుమ్మం గారు ఉంటున్న అమెరికాలో, ఫలానా అభిప్రాయమే రాయాలన్న షరతుతో ప్రతిఫలం ఇవ్వడాన్ని నిషేధించే నిబంధన 2024 అక్టోబరు నుంచి అమలులో ఉంది.

కోపం వచ్చినప్పుడు ‘దొంగ కంపెనీ’ అని రాసేవారికీ ఒక మాట. ఏ తేదీన ఫిర్యాదు చేశారో, ఏమని జవాబు వచ్చిందో, మనిషి ఎప్పుడు వచ్చాడో రాస్తే మీ మీద పరువు నష్టం మాట ఎత్తే అవకాశం తక్కువ, చదివేవారికీ అదే ఎక్కువ బలంగా తోస్తుంది. బిల్లు ఫోటో పెట్టేటప్పుడు చిరునామా, ఫోన్ నంబరు కప్పేయండి. పరిష్కారం కావాలంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయాలి. సమీక్ష ఆ పని చేయదు.

రాగిచెంబు (విజయవాడ):
అందరికీ కృతజ్ఞతలు. మీ మాటలన్నీ చూసుకుని ఇలా రాశాను, ఏమైనా లోపముంటే చెప్పండి:

‘750 వాట్లు, మూడు జార్ల మోడలు, నా డబ్బుతో కొన్నది. నలుగురున్న ఇంటికి చట్నీలకు, పొడులకు బాగా సరిపోయింది. ఇడ్లీ పిండికి కొంచెం ఓపిక కావాలి. పెద్ద జారులో పావుకిలో మినపప్పు మెత్తగా నలుగుతుంది, అంతకు మించితే పైనున్న పప్పు తిరగక, మధ్యలో ఆపి గరిటెతో కలపవలసి వస్తుంది. పిండి వేడెక్కకుండా చల్లటి నీళ్లు పోస్తాను. చిన్న జారులో అల్లం పీచు మిగులుతుంది, సన్నగా తరిగి వేస్తే తగ్గుతుంది. వేరుశనగ చట్నీ, కందిపొడి చక్కగా వస్తాయి. ఎండు పసుపు కొమ్ములు ఎన్నడూ వేయలేదు. ఏడాది దాటాక చిన్న జారు అడుగు నుంచి నల్లటి చెమ్మ కారింది. బుష్ మార్పించాక ఆగింది. ఆ భాగం గవర్నర్‌పేటలో మామూలు దుకాణంలోనే దొరికింది.’

మరమ్మతులబల్ల (తెనాలి):
చాలా బాగుందండీ. రెండే రెండు చేర్చండి. బుష్ వారంటీలో మార్చారా, మీరే డబ్బు పెట్టుకున్నారా అన్నది ఒకటి. మినపప్పు ఎంతసేపు నానిందన్నది రెండోది. రెండు గంటలు నానిన పప్పుకూ, రాత్రంతా నానిన పప్పుకూ మోటారు మీద పడే భారం వేరు.