పైగదిలో రాత్రిపూట వైఫై ఆగిపోతోంది, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. మాది రెండంతస్తుల ఇల్లు, 100 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్. రౌటర్ కింద హాల్లో, టీవీ వెనకాల గోడకి ఉంది. మా అమ్మాయి పైగదిలో ఆన్‌లైన్ క్లాసులు వింటుంది. రాత్రి ఏడు దాటితే చాలు, ఫోన్లో సిగ్నల్ గీతలు నిండుగానే కనిపిస్తాయి గానీ వీడియో మాత్రం అలా తిరుగుతూనే ఉంటుంది. వచ్చే వారమే పరీక్షలు. పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంటుంటే చూడలేకపోతున్నాను.

రౌటర్ ఆపి, కాసేపాగి మళ్లీ వేశాను. లాభం లేదు. ల్యాన్ కేబుల్ నేరుగా లాప్‌టాప్‌కి పెడితే అదే సమయంలో 94 దాకా వస్తోంది, ఫైబర్ సిగ్నల్ పోతే వెలిగే ఎల్‌ఓఎస్ ఎర్రలైటు కూడా వెలగడం లేదు. అంటే బయటి లైన్ బాగున్నట్టే కదా! చుట్టుపక్కల వైఫైలు ఏ ఛానల్లో ఉన్నాయో చూపించే ఎనలైజర్ యాప్ ఫోన్లో వేసి చూస్తే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో మాది 6వ ఛానల్. చుట్టుపక్కల ఇళ్లవి ఇంకో తొమ్మిది రౌటర్లు అందులోనే ఉన్నాయి. దానికి అడ్డురాని 1, 11 ఛానళ్లు కూడా ఖాళీ లేవు. 5 గిగాహెర్ట్జ్‌కి మారిస్తే హాల్లో బ్రహ్మాండంగా ఉంది, మెట్లెక్కేసరికి పడిపోతోంది. మధ్యలో స్లాబు ఉంది మరి.

ఛానల్ వెడల్పు 40 మెగాహెర్ట్జ్ నుంచి 20కి తగ్గిస్తే ఏమైనా ఫలితం ఉంటుందా? మెష్ (ఇల్లంతా ఒకే వైఫై అందేలా కలిసి పనిచేసే పరికరాల సెట్) కొనాలంటే ఖర్చెక్కువ. దానికి బదులు పైకి ల్యాన్ కేబుల్ లాగి, ఇంట్లో ఉన్న పాత రౌటర్‌ని యాక్సెస్ పాయింట్‌గా, అంటే కేబుల్లో వచ్చే నెట్‌ని వైఫైగా ఇచ్చేదిగా మాత్రమే పెట్టుకుంటే సరిపోతుందా? అప్పుడు డీహెచ్‌సీపీ (ఫోన్లకీ లాప్‌టాప్‌లకీ ఐపీ అడ్రస్‌లు ఇచ్చే సెట్టింగ్) ఆపాల్సింది ఆ రెండోదాంట్లోనేనా? ఇలా చేసి చూసినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.