ఉపాధి శిక్షణలో మండల భాగస్వామ్యం: అనుభవజ్ఞుల సలహా కావాలి

నమస్కారం. మాది అనంతపురం జిల్లా నార్పల మండలం. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం మొదలైన బండ్లపల్లి ఇక్కడిదే. మా మహిళా సమాఖ్య నిరుద్యోగ యువతను గుర్తించి, దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన శిక్షణకు పంపుతోంది. నిధులలో 60 శాతం కేంద్రానివి, 40 శాతం రాష్ట్రానివి, శిక్షణ సంస్థ వేరు, ఉద్యోగమిచ్చే కర్మాగారం వేరు కావడంతో, నిరుడు మా పిల్లలు కొందరు దూరపు నగరంలో జీతం చాలక మూడు నెలలకే తిరిగివచ్చినప్పుడు ఎవరిని అడగాలో మాకు తెలియలేదు. వేరుశనగ పంట పోయిన ఇళ్లకు ఆ జీతమే ఆధారం.

సమాఖ్య, ఐటిఐ, పెనుకొండ వైపు పరిశ్రమలు కలిసి, జిల్లా నైపుణ్య కమిటీ ద్వారా బాధ్యతలు పంచుకునే రాతపూర్వక ఒప్పందం ఎవరైనా చేసుకున్నారా? పెనుకొండ 2022లో శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినందున, ఇద్దరు కలెక్టర్లకూ విన్నవించుకోవాలా? ఉద్యోగంలో చేరాక వారి బాగోగులు చూసే పని ఎవరికి అప్పగించారో దయచేసి తెలుపగలరు.