524, 512, 517: కెర్నల్ గడప దాటకూడని ఎర్రర్ సంఖ్యలు

బోర్డుపని
అందరికీ నమస్కారం. ఆర్మ్64 బోర్డు మీద లినక్స్ 5.10 కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగం) నడుపుతున్నాను. ఫంక్షన్ మొదలయ్యే చోట తగిలించే ఎఫ్‌ఎంట్రీ పద్ధతిలో, ఒక బీపీఎఫ్ ప్రోగ్రామును (కెర్నల్ లోపలే నడిచే చిన్న ప్రోగ్రామును) కెర్నల్ ఫంక్షన్‌కు తగిలించబోతే 524 అనే ఎర్రర్ వస్తోంది. దాని అర్థం అడిగితే సీ లైబ్రరీ ‘అన్‌నోన్ ఎర్రర్ 524’ అని ఊరుకుంటోంది. అదే ప్రోగ్రాము నా ఎక్స్86 ల్యాప్‌టాప్‌లో చక్కగా నడుస్తోంది. హెడర్ ఫైళ్లలోని ఎర్రర్ల పట్టిక 133 దగ్గరే ఆగిపోయింది. ఈ సంఖ్య ఎక్కడిదో ఎవరైనా చెప్పగలరా?

సోర్సుచదువరి
బోర్డుపని గారూ, మీరు వెతికిన పట్టిక యూజర్ ప్రోగ్రాముల కోసం ఉద్దేశించినది కాబట్టి అందులో 524 ఉండదు. కెర్నల్ సోర్సులో ఇంక్లూడ్, లినక్స్ ఫోల్డర్ల కింద ఉన్న ఎర్నో.హెచ్ తెరిస్తే 512 నుంచి మొదలయ్యే మరో వరుస కనిపిస్తుంది. యూజర్ ప్రోగ్రాములకు ఇవి ఎన్నడూ కనిపించకూడదన్న వ్యాఖ్య కూడా అక్కడే ఉంది.

524 పేరు ఈనాట్‌సప్. 521తో మొదలయ్యే ఆ గుంపును ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ మీదుగా ఫైళ్లు పంచుకునే పద్ధతి) మూడవ వెర్షన్ ప్రోటోకాల్ కోసం నిర్వచించారు. అయితే ‘ఈ సదుపాయం లేదు’ అని చెప్పడానికి పేరు అతికినట్టు సరిపోవడంతో, ఎన్‌ఎఫ్‌ఎస్‌తో ఏ సంబంధమూ లేని డ్రైవర్లూ బీపీఎఫ్ కోడూ దాన్ని వాడుకున్నాయి. ఆ పని చేయవలసింది 95వ సంఖ్య అయిన ఈఆప్‌నాట్‌సప్. ప్యాచ్‌లో (కెర్నల్‌కు పంపే కోడు మార్పులో) ఈనాట్‌సప్ కనిపిస్తే, ప్యాచ్‌లను పరిశీలించే చెక్‌ప్యాచ్ స్క్రిప్టు హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరికను దయచేసి ఎవరూ పక్కన పెట్టవద్దు, ఎందుకంటే దాని ఫలితాన్ని ఇప్పుడు మీరు అనుభవిస్తున్నట్టే మరెవరో అనుభవించవలసి వస్తుంది.

మీ విషయంలో, ఎఫ్‌ఎంట్రీకి కావలసిన ట్రాంపొలిన్ కోడు (ఫంక్షన్ నుంచి బీపీఎఫ్ ప్రోగ్రాములోకి దారి మళ్లించే కోడు) ప్రతి ప్రాసెసర్‌కూ విడిగా ఉండాలి. లేని చోట కెర్నల్‌లోని సాధారణ ఫంక్షన్ నేరుగా 524ను తిప్పి పంపుతుంది. 5.10లో ఆర్మ్64కు ఆ కోడు లేదు.

డ్రైవర్లబల్ల
నాకు 512 ఎదురైంది. దాని పేరు ఈరీస్టార్ట్‌సిస్. నిద్రలో ఉన్న సిస్టమ్ కాల్‌ను (ప్రోగ్రాము కెర్నల్‌ను అడిగే పనిని) సిగ్నల్ లేపినప్పుడు డ్రైవర్ దీన్ని తిప్పి పంపితే, సిగ్నల్‌ను చూసే కోడు దాన్ని మధ్యలోనే పట్టుకుని, సందర్భాన్ని బట్టి ప్రోగ్రాముకు 4వ సంఖ్య అయిన ఈఇంటర్ ఇస్తుంది, లేదా కాల్‌ను మళ్లీ నడిపిస్తుంది. ఎక్స్86-64లో మళ్లీ నడపడమంటే ఇన్‌స్ట్రక్షన్ పాయింటర్‌ను 2 బైట్లు వెనక్కి జరపడమే, ఎందుకంటే సిస్‌కాల్ ఇన్‌స్ట్రక్షన్ పొడవు అంతే.

నేను చేసిన తప్పు ఏమిటంటే, సమయం మించిపోయిన సందర్భంలో కూడా అదే కోడును తిప్పి పంపాను. అప్పుడు పెండింగ్ సిగ్నల్ ఏదీ లేదు కనుక దాన్ని మార్చే కోడు నడవనే లేదు, రీడ్ కాల్ ఎర్రర్‌గా 512 నేరుగా ప్రోగ్రాము చేతికి వచ్చింది. ఆ ఒక్క దారిలో ఈటైమ్‌డ్‌అవుట్ పెట్టడానికి ఒక నిమిషం పట్టింది, కారణం తెలుసుకోవడానికి రెండు రోజులు పట్టింది.

కొత్తసభ్యుడు
ప్రోగ్రాము చేసే సిస్టమ్ కాల్స్‌ను చూపే ఎస్‌ట్రేస్‌లో నాకు తరచూ ఈరీస్టార్ట్‌సిస్ కనిపిస్తుంది. అది కూడా లోపమేనా?

డ్రైవర్లబల్ల
కాదండీ. ఎస్‌ట్రేస్ ఆ సంఖ్య మారకముందే చూస్తుంది. ప్రోగ్రాముకే 512 అందితేనే కలవరపడాలి.

సెన్సర్లగూడు
517 గురించి కూడా ఒక మాట చెబుతాను. దాని పేరు ఈప్రోబ్_డిఫర్. డ్రైవర్‌కు కావలసిన రెగ్యులేటరో క్లాకో ఇంకా సిద్ధం కానప్పుడు ‘నన్ను తరువాత పిలవండి’ అని చెప్పే కోడు ఇది. బూట్ లాగ్‌లో -517 కనిపించి ఆ తరువాత పరికరం పనిచేస్తే దాన్ని పట్టించుకోనవసరం లేదు. పరికరం ఎప్పటికీ రాకపోతే డీబగ్ ఫైల్‌సిస్టమ్‌లోని డివైసెస్_డిఫర్డ్ ఫైలు చూడండి, వేచి ఉన్న పరికరాల పేర్లు అందులో ఉంటాయి. మా బోర్డులో డివైస్ ట్రీలోని (బోర్డు మీది హార్డ్‌వేర్‌ను కెర్నల్‌కు వివరించే పట్టికలోని) రెగ్యులేటర్ నోడ్ డిసేబుల్డ్‌గా ఉండిపోయిందని అలాగే తెలిసింది.

బోర్డుపని
సోర్సుచదువరి గారికి ధన్యవాదాలు. ఎఫ్‌ఎంట్రీ బదులు కేప్రోబ్ అనే మరో తగిలింపు పద్ధతి వాడాను, అదే బోర్డు మీద అదే ఫంక్షన్‌కు తగిలింది. 524 వస్తే ‘ఈ కెర్నల్‌లో ఈ సదుపాయం లేదు’ అని తెలుగులో చూపేలా మా పరికరంలో ఒక వరుస కూడా చేర్చాను.