ఇన్‌స్టలేషన్ పూర్తయినా వర్చువల్ మెషీన్ బూట్ అవ్వడం లేదు, యూఈఎఫ్ఐ షెల్ దగ్గరే ఆగిపోతోంది

ప్రశ్న

నమస్కారం. వర్చువల్‌బాక్స్ 7లో 4 జీబీ మెమరీ, 40 జీబీ డిస్క్ ఇచ్చి ఒక మెషీన్ తయారుచేసుకున్నాను. సిస్టమ్ సెట్టింగ్స్‌లో ఈఎఫ్ఐకి (పాత బయాస్‌కు బదులు వచ్చిన యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్‌కు) టిక్కు పెట్టి డెబియన్ 12 లినక్స్ ఇన్‌స్టాల్ చేశాను. ఇన్‌స్టలేషన్ ఏ లోపమూ చూపకుండా చివరిదాకా సాగింది. అది ముగిశాక మెషీన్‌ను ఆపేసి, తయారైన వీడీఐ (వర్చువల్ డిస్క్) ఫైల్‌ను నేను రోజూ పనిచేసే కంప్యూటర్‌లోకి కాపీ చేసుకున్నాను. అక్కడ అవే సెట్టింగ్స్‌తో కొత్త మెషీన్ సృష్టించి, దానికి ఈ డిస్క్‌ను తగిలించాను. ఈఎఫ్ఐ ఇక్కడ కూడా ఆన్‌లోనే ఉంది. ఇన్‌స్టలేషన్ డిస్క్ నకలైన ఐఎస్ఓ ఫైల్ ఏదీ తగిలించి లేదు.

ఆన్ చేస్తే డెబియన్ రావడం లేదు. నల్లటి తెర మీద యూఈఎఫ్ఐ ఇంటరాక్టివ్ షెల్ అనే శీర్షిక, దాని కింద డివైజ్‌ల జాబితా, స్టార్టప్ ఫైల్ వద్దనుకుంటే ఎస్కేప్ నొక్కమనే సూచన కనిపిస్తున్నాయి. ఆ తర్వాత షెల్ ప్రాంప్ట్ వచ్చి అక్కడే నిలిచిపోతోంది. మెమరీ పెంచి చూశాను, గ్రాఫిక్స్ కంట్రోలర్ మార్చి చూశాను, ఫలితం లేదు. మళ్ళీ ఇన్‌స్టాల్ చేయడమే దారి అని కొందరు అంటున్నారు. కానీ డిస్క్ కాపీ చేసే ముందే అందులో డేటాబేస్ సర్వర్‌ను అమర్చుకున్నాను, దాన్ని పోగొట్టుకోవడం ఇష్టం లేదు. ఇన్‌స్టలేషన్ సరిగ్గా జరిగినట్టే కనిపించినప్పుడు లోపం ఎక్కడ ఉండి ఉంటుంది?

మొదటి సమాధానం

మళ్ళీ ఇన్‌స్టాల్ చేయకండి. మీరు చెప్పిన లక్షణాలను బట్టి చూస్తే డెబియన్‌కు ఏమీ కాలేదని, దాని దాకా దారే తెరుచుకోలేదని అనిపిస్తోంది.

బూట్ ఒకే దెబ్బకు జరిగే పని కాదు. మొదట మెషీన్‌లోనే ఉండే ఫర్మ్‌వేర్ అనే ప్రోగ్రామ్ లేస్తుంది, అది బూట్‌లోడర్‌ను వెతికి నడుపుతుంది, బూట్‌లోడర్ కెర్నల్‌నూ, మొదట్లో కావలసిన డ్రైవర్లు ఉండే ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌నూ మెమరీలోకి ఎక్కిస్తుంది, ఆ తర్వాతే అసలు ఫైల్ సిస్టమ్ మౌంట్ అయి సర్వీసులు మొదలవుతాయి. ఎక్కడ ఆగిందో తెలుసుకోకుండా మెమరీ, గ్రాఫిక్స్ సెట్టింగ్స్ మార్చుకుంటూ పోతే ప్రయోజనం ఉండదు. డెబియన్ బూట్‌లోడరైన గ్రబ్ మెనూ కనిపించాక తెర నల్లబడితే గ్రాఫిక్స్‌ను అనుమానించడంలో అర్థం ఉంది. మీకు గ్రబ్ మెనూయే రాలేదు కాబట్టి సమస్య ఫర్మ్‌వేర్‌కూ బూట్‌లోడర్‌కూ మధ్య ఉంది.

ఏ మార్పయినా చేసే ముందు మెషీన్‌ను ఆపి వీడీఐ ఫైల్‌కు ఒక నకలు తీసి పెట్టుకోండి. తర్వాత ఆ షెల్‌లోనే మ్యాప్ అనే ఆదేశం ఇవ్వండి. ఫర్మ్‌వేర్ చదవగలిగిన ఫ్యాట్ ఫైల్ సిస్టమ్ ఉన్న విభాగం (పార్టిషన్) ఉంటే ఎఫ్‌ఎస్0 అనే పేరుతో కనిపిస్తుంది, చదవలేనివన్నీ బీఎల్‌కే అనే పేర్లతోనే ఉంటాయి. ఇన్‌స్టలేషన్ ఐఎస్ఓ తగిలించి ఉంటే ఎఫ్‌ఎస్0 ఆ ఐఎస్ఓదే కావచ్చు, అప్పుడు మీ డిస్క్ ఎఫ్‌ఎస్1గా కనిపించే అవకాశం ఉంది. ఐఎస్ఓ లేదని మీరు చెప్పారు కాబట్టి ఆ తికమక ఉండదు. ఎఫ్‌ఎస్0 అని టైప్ చేసి, పక్కన కోలన్ పెట్టి ఎంటర్ నొక్కితే ఆ విభాగంలోకి వెళ్తారు. అక్కడ ఈఎఫ్ఐ ఫోల్డర్‌లో ఏయే ఫోల్డర్లు ఉన్నాయో ఎల్‌ఎస్ ఆదేశంతో చూసి ఇక్కడ రాయండి. డెబియన్ పేరుతో ఫోల్డర్ ఉంటే దాని లోపలికి వెళ్ళి, గ్రబ్‌ను నడిపే షిమ్‌ఎక్స్64 అనే ఈఎఫ్ఐ ఫైల్ పేరును ఎక్స్‌టెన్షన్‌తో సహా టైప్ చేసి నడపండి.

ఎఫ్‌ఎస్ పేరుతో ఒక్కటీ కనిపించకపోతే కథ వేరు. ఆ డిస్క్ మీద ఈఎఫ్ఐ విభాగమే లేదని, ఇన్‌స్టలేషన్ పాత బయాస్ పద్ధతిలో జరిగి ఉండవచ్చని అప్పుడు అనుకోవాలి.

ప్రశ్న అడిగినవారు

మీరు చెప్పినట్టే చేశాను. ఎఫ్‌ఎస్0 కనిపించింది. ఈఎఫ్ఐ ఫోల్డర్‌లో డెబియన్ అనే ఫోల్డర్ ఒక్కటే ఉంది, అందులో షిమ్, గ్రబ్ రెండింటి ఫైళ్ళూ ఉన్నాయి. షిమ్ ఫైల్‌ను నడపగానే గ్రబ్ మెనూ వచ్చింది, అక్కడి నుంచి డెబియన్ మామూలుగా బూట్ అయింది, డేటాబేస్ కూడా చెక్కుచెదరలేదు. చాలా కృతజ్ఞతలు.

అయితే మెషీన్‌ను ఆపి మళ్ళీ ఆన్ చేస్తే తిరిగి షెల్ దగ్గరికే వస్తోంది. స్టార్టప్ అనే పేరుతో ఎన్‌ఎస్‌హెచ్ స్క్రిప్ట్ ఒకటి రాసి ఆ విభాగంలో పెడితే షెల్ తనంతట తానే దాన్ని నడుపుతుందని ఒకచోట చదివాను. అదే శాశ్వత పరిష్కారమా? అన్ని ఫైళ్ళూ డిస్క్ మీదే ఉన్నప్పుడు ఫర్మ్‌వేర్ వాటిని ఎందుకు చూడలేకపోతోంది?

రెండవ సమాధానం

మీ ప్రశ్నలోనే కారణం ఉంది: మీరు వీడీఐ ఫైల్‌ను మాత్రమే కాపీ చేశారు.

పాత బయాస్ పద్ధతిలో ఫర్మ్‌వేర్ గుర్తుపెట్టుకోవలసినది పెద్దగా ఏమీ లేదు. డిస్క్‌లోని మొదటి 512 బైట్ల సెక్టార్‌ను చదివి, దాని చివర 55, ఏఏ అనే రెండు బైట్ల సంతకం ఉంటే అక్కడి కోడ్‌ను నడిపేస్తుంది. యూఈఎఫ్ఐ పద్ధతి అలా కాదు. ఇన్‌స్టలేషన్ చివర్లో గ్రబ్ తన ఫైళ్ళను డిస్క్ మీది ఈఎఫ్ఐ విభాగంలో పెట్టి, ఫలానా డిస్క్‌లో ఫలానా ఫైల్‌ను నడపమనే నమోదును, మెషీన్‌ను ఆపేసినా చెరగని ఎన్‌వీర్యామ్ అనే మెమరీలో రాయిస్తుంది. అసలు కంప్యూటర్‌లో అది మదర్‌బోర్డు మీది చిప్‌లో ఉంటుంది. వర్చువల్‌బాక్స్ 7లో మెషీన్ సెట్టింగ్స్ ఫైల్ పక్కనే ఎన్‌వీర్యామ్ ఎక్స్‌టెన్షన్‌తో విడి ఫైల్‌గా ఉంటుంది. డిస్క్ కొత్త ఇంటికి వచ్చింది కానీ దాని చిరునామా రాసి ఉన్న పుస్తకం పాత ఇంట్లోనే ఉండిపోయింది.

నమోదు లేనంత మాత్రాన ఫర్మ్‌వేర్ వెంటనే చేతులెత్తేయదు. ప్రతి డిస్క్‌లోనూ ఈఎఫ్ఐ ఫోల్డర్ లోపల బూట్ అనే ఫోల్డర్‌లో బూట్‌ఎక్స్64 అనే ఫైల్ ఉందేమో చూస్తుంది. 64 బిట్ ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లకు యూఈఎఫ్ఐ ప్రమాణం నిర్దేశించిన పేరు అది. పెన్‌డ్రైవ్ నుంచి ఏ నమోదూ లేకుండా బూట్ చేయగలగడానికి కారణం కూడా అదే. మీ డిస్క్‌లో డెబియన్ ఫోల్డర్ ఒక్కటే ఉందన్నారు, అంటే బూట్ ఫోల్డర్ లేదు. అందుకే ఫర్మ్‌వేర్‌కు షెల్ తప్ప నడపడానికి ఏమీ మిగలలేదు.

స్టార్టప్ స్క్రిప్ట్ పనిచేస్తుంది, కాదనను. కానీ నేను దాన్ని సిఫారసు చేయను. బూట్ అయిన ప్రతిసారీ మొదట అన్ని వెతుకులాటలూ విఫలమై షెల్ రావాలి, అందులో కొన్ని సెకన్ల గడువు పూర్తవ్వాలి, ఆ తర్వాతే స్క్రిప్ట్ నడుస్తుంది. పైగా షెల్ లేని ఫర్మ్‌వేర్ మీదికి ఈ డిస్క్ వెళ్తే అది ఎందుకూ పనికిరాదు. షిమ్‌తో ఒకసారి బూట్ అవ్వగలిగారు కాబట్టి అలాగే లోపలికి వెళ్ళి, రూట్ అధికారంతో గ్రబ్-ఇన్‌స్టాల్ ఆదేశాన్ని నడపండి. కొత్త మెషీన్ ఎన్‌వీర్యామ్‌లో నమోదు చేరుతుంది. ఈఎఫ్ఐబూట్‌ఎమ్‌జీఆర్ అనే ఆదేశం ఇస్తే జాబితాలో డెబియన్ పేరు, బూట్ క్రమంలో దాని సంఖ్య కనిపించాలి. డిస్క్‌ను ఇంకో చోటికి తీసుకెళ్ళే ఆలోచన కూడా ఉంటే అదే ఆదేశాన్ని రిమూవబుల్ ఎంపికతో మరోసారి నడపండి, బూట్ ఫోల్డర్‌లో నకలు ఏర్పడుతుంది.

లినక్స్‌లో వర్చువల్ మెషీన్లకు కేవీఎమ్ వాడేవారికీ ఇదే వర్తిస్తుంది. ఆ మెషీన్లను నిర్వహించే లిబ్‌వర్ట్ ఈ ఎన్‌వీర్యామ్ ఫైళ్ళను డిస్క్ ఇమేజ్‌లతో కాకుండా విడి ఫోల్డర్‌లో ఉంచుతుంది కాబట్టి, క్యూకౌ2 డిస్క్ ఫైల్‌ను మాత్రమే తీసుకెళ్ళినవారు ఇదే షెల్ దగ్గర ఆగిపోయే అవకాశం ఉంది.

మూడవ సమాధానం

పై వివరణతో ఏకీభవిస్తున్నాను కానీ చివరి అడుగు విషయంలో ఒక మార్పు సూచిస్తాను. రిమూవబుల్ ఎంపికతో చేత్తో పెట్టిన నకలును ఆ తర్వాత ఎవరూ పట్టించుకోరు. ప్యాకేజీలు అప్‌డేట్ అయినప్పుడు డెబియన్ ఫోల్డర్‌లోని గ్రబ్ కొత్తదవుతుంది, బూట్ ఫోల్డర్‌లోనిది పాతదిగానే ఉండిపోతుంది. పాత గ్రబ్‌కూ డిస్క్ మీది కొత్త మాడ్యూళ్ళకూ పొసగకపోతే, ఫలానా సింబల్ దొరకలేదనే సందేశంతో రెస్క్యూ ప్రాంప్ట్ దగ్గర ఆగిపోవచ్చు. ఎప్పుడో చేసిన ఆ పని అప్పటికి గుర్తుండదు కాబట్టి కారణం పట్టుకోవడం చాలా కష్టమవుతుంది.

డెబియన్‌లో దీనికి సరైన దారి ఉంది. గ్రబ్-ఈఎఫ్ఐ-ఏఎమ్‌డీ64 ప్యాకేజీ మీద, సెట్టింగ్స్‌ను మళ్ళీ అడిగే డీపీకేజీ-రీకాన్ఫిగర్ ఆదేశాన్ని నడపండి. అది అడిగే ప్రశ్నల్లో, రిమూవబుల్ మీడియా దారిలో కూడా గ్రబ్‌ను అదనంగా ఇన్‌స్టాల్ చేయాలా అనేది ఒకటి. దానికి అవునని, ఎన్‌వీర్యామ్‌ను మార్చాలా అన్నదానికి కూడా అవునని చెప్పండి. ఈ ఎంపిక ప్యాకేజీ సెట్టింగ్స్‌లోనే నిలిచిపోతుంది కాబట్టి అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ రెండు చోట్లా గ్రబ్ ఒకేసారి మారుతుంది.

ఇదే సమస్య అనుకుని ఇక్కడికి వచ్చేవారికి ఒక మాట. మీకు షెల్ కాకుండా, బూట్ చేయదగిన మీడియా ఏదీ దొరకలేదని వర్చువల్‌బాక్స్ చెబుతుంటే ముందు ఈఎఫ్ఐ టిక్కును చూడండి. ఈఎఫ్ఐ ఆన్‌లో ఉండగా ఇన్‌స్టాల్ చేసి తర్వాత దాన్ని తీసేస్తే, బయాస్ ఆ డిస్క్ మొదటి సెక్టార్‌లో నడపదగిన కోడ్ కోసం చూసి ఖాళీ చేతులతో వెనక్కి వస్తుంది. ఆ టిక్కును తిరిగి పెట్టడంతోనే సరిపోతుంది. గ్రబ్ వచ్చి, కెర్నల్ మొదలై, రూట్ డిస్క్ దొరకలేదంటూ ఎమర్జెన్సీ షెల్ వస్తే మాత్రం డిస్క్ కంట్రోలర్ మారిందేమో చూడాలి. ఫెడోరా లినక్స్‌లో ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌ను తయారుచేసే డ్రాకట్ మామూలుగా ఇన్‌స్టాల్ చేసిన మెషీన్‌కు కావలసిన డ్రైవర్లనే ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌లో పెడుతుంది కాబట్టి, సాటా కంట్రోలర్ మీది డిస్క్‌ను వర్చువల్ మెషీన్ల కోసమే ఉన్న వర్టియోకు మారిస్తే ఇలా జరగవచ్చు. గ్రబ్ మెనూలోని రెస్క్యూ ఎంట్రీలో అన్ని డ్రైవర్లూ ఉంటాయి. దానితో బూట్ అయి డ్రాకట్‌ను మళ్ళీ నడిపితే సరి.

ప్రశ్న అడిగినవారు

డీపీకేజీ-రీకాన్ఫిగర్ దారినే ఎంచుకున్నాను. ఈఎఫ్ఐబూట్‌ఎమ్‌జీఆర్ జాబితాలో డెబియన్ పేరు చేరింది, ఈఎఫ్ఐ విభాగంలో బూట్ ఫోల్డర్ కూడా ఏర్పడింది. మెషీన్‌ను పూర్తిగా ఆపి ఆన్ చేస్తే నేరుగా గ్రబ్ మెనూ వచ్చింది. నకలు నిజంగా పనిచేస్తోందో లేదో తెలియాలని, వీడీఐ ఫైల్‌ను ఇంకొకసారి కాపీ చేసి, ఏ నమోదూ లేని మరో కొత్త మెషీన్‌కు తగిలించి చూశాను. షెల్ రాకుండానే అక్కడ కూడా డెబియన్ లాగిన్ దాకా వెళ్ళింది. మీ ఇద్దరికీ, ముఖ్యంగా అప్‌డేట్ల విషయం ముందే చెప్పినవారికి కృతజ్ఞతలు.